వెన్నునీరు

ఆ గాజు గొట్టంలో ఉన్నది ఎంతని, నాలుగు కన్నీటి బొట్లంత, అంతకన్నా లేదు, కానీ నర్సు దాన్ని పిట్టగుడ్డును పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నడవా చివరి తలుపులోకి వెళ్ళిపోయింది, ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు. మాతాహి వెన్నులోంచి తీసిన నీరు. చూడడానికి మంచినీళ్ళలాగే ఉంది, కొంచెం మసక, బియ్యం కడిగిన మూడో నీళ్ళలాగా. అందులో ఏముందో చెప్పగలిగినవాళ్ళు ఆ తలుపు వెనక ఉన్నారు. పోయినసారి తీసినప్పుడు ఏమీ తేలలేదు, మరీ మొదట్లో తీస్తే ఒక్కోసారి అంతేనట. ఈసారి కూడా తేలకపోతే సాయంత్రం విమానంలో ఆక్లండ్ తీసుకెళ్ళి వీపు తెరుస్తారు. తెరవడం అన్న మాట ఆ డాక్టరమ్మ ఎంత మెత్తగా అంది, కిటికీ తెరుస్తాం, గాలి వస్తుంది అన్నంత మెత్తగా. వెన్నుపాములో, సరిగ్గా గుండెకు వెనక, స్కానింగులో తెల్లగా ఒక మరక. అది గడ్డ కావచ్చు, అరుదైన రకం. వాపు కావచ్చు. ఏదన్నది చూస్తే తెలియదు, చిన్న ముక్క తీసి చూడాలి, ఆ ముక్క తీసేటప్పుడు కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. మాతాహి పెళ్ళాం వైతియా ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు పైకి లాక్కుని, మోకాళ్ళ చుట్టూ చేతులు బిగించి కూర్చుంది. ఎవరి కాళ్ళు పడిపోతాయని? వాటి గురించి వాళ్ళకేం తెలుసు?

ఆ కాళ్ళు మంచం దాటి బయటికి వస్తాయి. పెళ్ళికి అతని చిన్నాన్న చేసి ఇచ్చిన మంచం, మాతాహి పొడుగు కొలవకుండా అందాజుగా చేసేశాడు, పొద్దున్న లేచి చూస్తే మంచం చివర రెండు పాదాలు గాల్లో, రేవులో కట్టేసిన పడవల్లాగా ఊగుతూ ఉంటాయి. ఆమెకు అది చూడడం కోసమే ముందు లేవాలనిపించేది. ఒకరోజు వాటి మీద తడిగుడ్డ ఆరేసింది. లేచి, ఒసేయ్, నేను మొగుణ్ణా, దండేన్నా? అన్నాడు. నవ్వి నవ్వి ఇద్దరికీ పొట్ట నొప్పి పుట్టింది. పెళ్ళయి నెల తిరగలేదు, ఇంకా అన్నీ కొత్తే, ఒకే గ్లాసులో రెండు పళ్ళ బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండడం కొత్త, రొట్టెల బండివాడు రోడ్డు పక్క పెట్టెలో తమ పేరున వేసిపోయే వేడి పొడుగు రొట్టె కొత్త, దాన్ని ఇంటికి తెచ్చేలోగా కొస విరిచి తినేసి, ఎలుక కొరికిందని అతనితో అబద్ధమాడడం కొత్త. బడిలో పిల్లలు కొత్త ఇంటిపేరుతో పిలిస్తే ఒక క్షణం వెనక్కి తిరిగి ఎవరా అని చూసేది. పెళ్ళిలో అతుకుల దుప్పటి ఇద్దరి చుట్టూ కలిపి చుట్టారు కదా, అత్తగారు తెతువా ఏడాదంతా కుట్టింది, పనసాకుల్లాంటి ఆకులు, ఎర్రవి, ఆ దుప్పటిలోపల ఉక్కపోత, కొబ్బరినూనె వాసన, బయట అందరూ పాడుతుంటే అతను లోపల చెవిలో, చెమటలు పడుతున్నాయే, వీళ్ళు మనల్ని ఆవిరి మీద ఉడికిస్తున్నారు, అన్నాడు. ఇప్పుడతని మీద దుప్పటి కప్పడానికి లేదు. దుప్పటి తగిలితే కాలుతుందట.

అలాగే మొదలైంది. స్నానాల గదిలోంచి కేకేశాడు, నీళ్ళలో ఏం కలిపావే, మిరపకాయలా? అని. ఆమె వంటింట్లోంచి, అవునవును, బెల్లం కూడా వేశాను, అని అరిచింది. చన్నీళ్ళే. కొండ మీంచి వచ్చే చన్నీళ్ళు. అతను ఒళ్ళు తుడుచుకోకుండా బయటికొచ్చి తువ్వాలు దూరంగా పట్టుకుని నిలబడ్డాడు, భుజం మీద వేసుకోలేక, ముఖంలో ఒక తెల్లబోయిన చూపు, పసిపిల్లవాడు పడిపోయి ఏడవాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పటి చూపు. ఆమె నవ్వింది. ఎందుకు నవ్వింది? నవ్వడం తప్ప ఇంకేమీ రాని రోజులు కదా అవి, గిన్నె జారిపడితే నవ్వు, వాన వస్తే నవ్వు. తర్వాత తలనొప్పి. తర్వాత మెడ పట్టేసింది, పడవ తెడ్డు వేసి వేసి పట్టేసి ఉంటుందిలే అన్నారు అందరూ, పందేలు దగ్గర పడ్డాయి. ఊళ్ళో అతనికంటే బలంగా తెడ్డు వేసేవాడు లేడు. ఒకనాటి పొద్దున లేచి నిలబడబోయి మంచం పట్టుకున్నాడు. కాలు మాట వినడం లేదే, అన్నాడు, కాలి మీద కోపం వచ్చినవాడిలాగా. ఆ కాలును ఆమె రెండు చేతులతో పట్టుకుని నేల మీద ఆనించింది, అప్పుడు అతను అరిచిన అరుపు. ఆ అరుపు ఇప్పుడు ఈ నడవాలో ఉంది, ఈ తెల్లటి గోడల్లో, శుభ్రం చేసే మందు వాసనలో, ఎవరో ట్రాలీ తోసుకుపోతుంటే ఆ చక్రం కీచుమన్నప్పుడల్లా లేచి మళ్ళీ పడుకుంటోంది. దేవుడా, గడ్డ కాకూడదు. కానీ వాపయితే మంచిదా, ఏం వాపో తెలియకుండా మందు ఎలా ఇస్తారు, ఒక మందు ఉందట, వాపు తీస్తుందట, కానీ అది ముందే ఇచ్చేస్తే కొన్ని రకాల గడ్డలు కరిగినట్టు కనిపించి ఏ రకమో తెలియకుండా దాక్కుంటాయట, అందుకని అదీ ఆపారు, అతను పళ్ళు బిగించి పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు, ఏదన్నది తేలేదాకా. పేరు తెలియని దానికి మందు లేదు. నొప్పికి మాత్రం పేరు అక్కర్లేదు.

అత్తగారు వచ్చింది. ద్వీపం ఆ కొసనుంచి ఎవరి లారీ ముందు సీట్లోనో కూర్చుని వచ్చింది, ఆదివారం చర్చికి పెట్టుకునే తాటాకు టోపీ పెట్టుకుంది, ఎందుకంటే పెద్దాసుపత్రి అంటే పెద్దవాళ్ళుంటారు. చేతిలో అల్లిక బుట్ట. కూర్చోగానే కుర్చీ మూలిగింది.

"ఏం చెప్పారే?"

"ఇంకా చూస్తున్నారత్తా."

"చూసిందే చూస్తారు. వాణ్ణి ఆ గొట్టంలో పెట్టి అంత చప్పుడు చేసి ఫొటోలు తీశారుగా, అందులో కనపళ్ళేదా?"

"కనపడింది. ఏంటన్నది తెలీలేదు."

"నాకు తెలుసు ఏంటో. దిష్టి. ఆ మంచం చేసినోడి దిష్టే. కురచ మంచం చేసిచ్చినప్పుడే అనుకున్నాను." తెతువా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు తగ్గించింది. "వీపు కోస్తారంటగా. ఆ మాట చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందే ఫోన్లో? వాడు నా కడుపులోంచి కాళ్ళు ముందు పెట్టుకుని వచ్చాడు, తెలుసా? మంత్రసాని పారిపోయింది. ఆ కాళ్ళు పట్టుకుని లాగింది నేనే, నా చేతుల్తో నేనే. ఆ కాళ్ళ జోలికొస్తే చూస్కుంటాను ఒక్కొక్కళ్ళని."

"కొయ్యకపోవచ్చత్తా, ముందు నీళ్ళలో ఏమన్నా తేలితే."

"తేలాలి," అంది తెతువా, ఎవరినో ఆజ్ఞాపిస్తున్నట్టు. కానీ టోపీ అంచు మీద ఆమె వేళ్ళు ఆగకుండా తిరుగుతున్నాయి.

నీళ్ళలో ఏం తేలాలి? నిన్న ఆ డాక్టరమ్మ ఎన్ని అడిగింది. బెర్ట్రాన్ అని పేరు, ఫ్రాన్సు నుంచి ఈమధ్యే వచ్చింది, ఎండకు ముక్కు మీద పొట్టు లేచింది, మర్యాదైన మనిషి. ఎప్పుడైనా క్షయ వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా దగ్గుందా, దెబ్బ తగిలిందా, పందులున్నాయా, పిల్లి గీరిందా. ఒక్కొక్కటీ అడిగి ఒక్కొక్కటీ కొట్టేస్తూ, అడవిలో దారి చేసుకుంటూ పోతున్న మనిషిలాగా. నత్తలు తిన్నారా? లేదు. కడగని ఆకుకూరలు? లేదండీ, మేం అన్నీ కడుగుతాం. పచ్చి రొయ్యలు, వాగు రొయ్యలు తిన్నారా? అప్పుడు వైతియాకు కొంచెం రోషం కూడా వచ్చింది, ఈ తెల్లవాళ్ళు మనమేదో ఏటి ఒడ్డున కూర్చుని బతికున్నవాటిని కరకర నమిలేస్తామనుకుంటారు కాబోలు, బడిపంతులమ్మ గొంతుతో, లేదండీ, పచ్చివి ఎప్పుడూ తినం, అంది. మంచం మీంచి మాతాహి కూడా కళ్ళు మూసుకునే, లేదు, అన్నాడు. డాక్టరమ్మ ఆ మాట దగ్గర కొంచెం ఆగింది. నిజంగానా? నిజంగా. సరే అని ముందుకు పోయింది, ఆ తర్వాతే గడ్డ మాట వచ్చింది, ఆ తర్వాతే ఆక్లండ్.

"తిన్నావా ఏమన్నా?" అంటోంది అత్తగారు.

"ఆకలి లేదత్తా."

"మొగుడు పడుకుంటే పెళ్ళాం నిలబడాలి. నిలబడాలంటే తినాలి. ఇట్రా." బుట్టలోంచి అరిటాకు పొట్లం తీసింది, కాల్చిన బ్రెడ్‌ఫ్రూట్ ముక్కలు, ఉడికించిన చేప, ఆ కింద గుడ్డ కట్టిన గాజు సీసా. "వాడికీ రెండు చెంచాలు పెట్టనివ్వమని అడుగు ఆ నర్సును. ఇక్కడి చప్పిడి తిండి తింటే లేచేవాడు కూడా పడుకుంటాడు. ఇది నాలుక్కి తగిల్తే లేచి కూర్చుంటాడు, చూడు."

గుడ్డ విప్పింది. పుల్లగా, ఘాటుగా, తియ్యగా ఒకేసారి వచ్చిన ఆ వాసన నడవాలోని మందు వాసనను పక్కకు నెట్టేసింది. తాయొరో, మాగబెట్టిన కొబ్బరి. వైతియాకు ఈ గండంలో కూడా నోట్లో నీళ్ళూరాయి, నాలుకకు సిగ్గు లేదు. ఆమె పుట్టింది వాగులు లేని పగడపు దిబ్బలో, అక్కడ సముద్రం తప్ప నీళ్ళంటే వాన నీళ్ళే, వాగు రొయ్య అనేది ఆమె పెళ్ళయ్యేదాకా చూడలేదు. పుట్టింట్లో కూడా కొబ్బరి పులియబెట్టేవాళ్ళు, కానీ ఇలా కాదు, ఈ రుచి వేరు, ఈ లోయ రుచి. పెళ్ళికి ముందురోజు అత్తగారి వంటింట్లో చొక్కా చేతులు పైకి మడిచి నేర్చుకుంది, కొబ్బరి కోరడానికి పీట మీద కూర్చుంటే కోరు చిమ్మి జడలో పడింది, ఆడవాళ్ళంతా, కోడలికి అప్పుడే తల నెరిసింది చూడండర్రా, అని నవ్వారు. మాతాహి వాగులోంచి వచ్చాడు, నీట మునిగే కళ్ళద్దాలు నుదుటి మీద, సంచి నిండా చిటపటలాడే రొయ్యలు, నీలం గోళ్ళు. తలకాయలు విరిచి రోట్లో వేసి అత్తగారు దంచింది, గుడ్డలో మూట కట్టి పిండింది, గోధుమరంగు రసం చిక్కగా కారి తెల్లటి కొబ్బరి మీద పడింది, కలుపు పిల్లా, చేత్తో కలుపు, గరిటె పెడితే రుచి రాదు. ఆకు కప్పి మూలన పెట్టారు. మర్నాటికి మాగింది. పెళ్ళి భోజనంలో అందరికంటే ముందు మాతాహి వేలితో తీసి నాకి, కళ్ళు మూసుకుని, మా అమ్మ చేతి తాయొరో, అని గట్టిగా అన్నాడు, తర్వాత ఆమె చెవిలో, కాదు, మా ఆవిడ చేతిది, అన్నాడు. ఆ వేడి ఊపిరి. ఎంత హాయిగా ఉండింది. ఆ రసం ఎక్కడా పొయ్యి మీదికి ఎక్కలేదు.

ఏమిటది, ఇప్పుడు ఏమనుకుంది? పొయ్యి మీదికి ఎక్కలేదు. ఎక్కదు, తాయొరో ఎవరు వండుతారు, వండితే పాడైపోతుంది, అది మాగుతుంది. మాగింది అంటే అయినట్టే కదా. పచ్చి వేరు, మాగింది వేరు. కాయ పచ్చి, పండు పచ్చి కాదు. అందుకే కదా లేదండీ అంది, అబద్ధం చెప్పలేదు, వంద సార్లు అడిగినా లేదనే అనేది, ఈ లోయలో ఎవరిని లేపి అడిగినా లేదనే అంటారు. కానీ రొయ్యలు తిన్నారా అంటే రొయ్య ఎక్కడుంది, కనపడదు, అందులో ఉన్నది కొబ్బరి. వైతియాకు అరికాళ్ళనుంచి చలి ఎక్కింది. ఆ డాక్టరమ్మ నిజంగానా అని ఎందుకు ఆగింది? రొయ్యలో ఏముంటుంది? చెప్పాలా? చెబితే ఎవరి ముందు చెప్పాలి, ఈవిడ ముందు, నెల కూడా నిండని కోడలు, మీ చేతి తాయొరో మీ కొడుకును పడుకోబెట్టింది అని. ఊరంతా అంటుంది. కలిపింది నువ్వే కదా అని ఈవిడే అంటుంది, అవును, కలిపింది నేనే, ఈ చేత్తోనే. అదీ కాక, ఇది ఏమీ కాకపోతే? తాతల నాటినుంచి తింటున్నారు, ఎవరు పడుకున్నారు? ఒట్టి ఆశ పెట్టుకుని, వాళ్ళను పక్కదారి పట్టించి, నిజంగా గడ్డే అయి, విమానం వెళ్ళిపోయి. ఆక్లండ్, కిటికీ, తెల్లటి మరక, మంచం చివర పాదాలు, అవి కదలడం లేదు, అవి కదలడం లేదు. కాళ్ళు కిందికి దింపింది. నేల చల్లగా తగిలింది, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"అత్తా, మనం చేసే తాయొరోలో రొయ్య రసం పచ్చిదే కదా?"

"పచ్చిదేంటే? మాగుతుందిగా."

"మాగక ముందు?"

"మాగక ముందు అన్నీ పచ్చివే, నువ్వూ నేనూ కూడా." అప్పుడు తెతువా ఆమె ముఖం చూసింది. "ఏం, ఎందుకడుగుతున్నావ్?"

"డాక్టరమ్మ నిన్న అడిగింది. పచ్చి రొయ్యలు తిన్నారా అని. నేను లేదన్నాను. వెళ్ళి చెప్తాను."

"ఏమని చెప్తావ్? మా అత్త విషం పెట్టిందనా?" గొంతు నడవాలో ఖంగుమంది, ఎదుటి కుర్చీలో నిద్రపోతున్న మనిషి కళ్ళు తెరిచాడు. "మా అమ్మ చేసింది, మా అమ్మమ్మ చేసింది. ఈ చేత్తో ఎంతమందికి పెట్టానో తెలుసా నీకు? వాగు మొహం చూడని దిబ్బ మీంచి వచ్చి నాకు చెప్తున్నావా తాయొరో గురించి? కూర్చో."

వైతియా కూర్చోలేదు. ఆమెకే ఆశ్చర్యమేసింది, ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. "తిట్టుకోండత్తా, తర్వాత తిట్టుకోండి," అంది. సీసా అత్తగారి ఒళ్ళోంచి తీసుకుంది. లోపలికి రాకూడదని రాసి ఉన్న తలుపు తట్టింది, తీయకపోతే మళ్ళీ తట్టింది, అరచేత్తో బాదింది.

తలుపు తీసింది డాక్టర్ బెర్ట్రానే. వైతియా మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, మాగడం, దంచడం, గుడ్డలో పిండడం, పెళ్ళి, తలకాయల రసం. మొదట డాక్టరమ్మకు అర్థం కాలేదు, చేయెత్తి ఆపింది. "ఆగండి, ఆగండి. రొయ్య తలకాయల రసం అన్నారా? వేడి చెయ్యకుండా?"

"చెయ్యం. చేస్తే పాడవుతుంది."

"ఎన్నాళ్ళ కింద?"

"పెళ్ళికి."

ఆవిడ లోపలికి తిరిగి గట్టిగా చెప్పింది, ఆ నీటికి ఇంకో రంగు వేసి చూడమని, ఇప్పుడే, పురుగు ఉంటే చేరే కణాలు ఎక్కువసేపు నిలవవు, రక్తం కూడా మళ్ళీ తీయమని. తలుపు మూసేముందు వైతియా వైపు ఒక్క క్షణం చూసింది. "అలాగని గడ్డ కాదని నేను చెప్పడం లేదు. తెలుస్తుందా మీకు?" తెలుస్తుంది. ఎంత బాగా తెలుస్తోందో.

మళ్ళీ ఆ కుర్చీ. పక్కన అత్తగారు, మధ్యలో సీసా, దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు, మూత తెరిచిన వాసన ఇద్దరి మధ్యా కూర్చుని ఉంది. ఏ రంగు వేస్తారు? బడిలో పిల్లలు నీళ్ళలో రంగు కలిపి చూసేటప్పుడు వాళ్ళ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, ఎప్పుడూ మొదటిసారి చూస్తున్నట్టే, ఆమెకూ అలాగే ఉండేది. ఇప్పుడు నాలుగు బొట్లలో రంగు దిగుతోంది. ఒక రంగులో మాతాహి నడుస్తాడు. ఇంకో రంగులో ఆక్లండ్. దేవుడా, పురుగయితే బాగుండు. ఏ పెళ్ళాం అయినా ఇలా మొక్కుకుని ఉంటుందా, మా ఆయన వెన్నులో పురుగులుండేట్టు చూడు తండ్రీ అని? నవ్వు వచ్చింది, చేత్తో నోరు మూసుకుంది. తెతువా చూడనట్టే చూసింది. ఆ తర్వాత గోడకేసి చూస్తూ అంది, "మా చిన్నప్పుడు ఒకావిడ ఉండేది మా లోయలో. వాన తడి తగిలినా అరిచేది. దయ్యం పట్టిందన్నారు." ఆగింది. "మంచి వంట మనిషి."

వైతియా ఆమె చేతి కోసం వెతికింది. ఆ చెయ్యి వెనక్కి పోలేదు.

తలుపు తెరుచుకున్నప్పుడు డాక్టరమ్మ ముఖంలో ఏదో చదవాలని చూసింది, కుదరలేదు, పొట్టు లేచిన ముక్కు మాత్రమే కనిపించింది. మాటలు వింటోంది కానీ వెనక్కీ ముందుకీ వినిపిస్తున్నాయి. ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ, ఎర్రటి గింజలు నిండిన కణాలు, పురుగు మీదికి ఒళ్ళు పంపే సైన్యం అవి. ఎలుకల్లో బతికే పురుగు, సన్నటిది, నత్తల్లోంచి రొయ్యల్లోకి వస్తుంది, మనిషిలోకి వస్తే దారి తప్పి మెదడుకూ వెన్నుకూ ఎక్కి అక్కడే చచ్చిపోతుంది, ఆ మరక దాని చుట్టూ వచ్చిన వాపు. విమానం వద్దని చెప్పేశాను. వాపు తగ్గే మందు ఇప్పుడే మొదలుపెడుతున్నాం.

"నడుస్తాడా?" అంది తెతువా.

"చాలామంది నడుస్తారు. నెలలు పట్టవచ్చు. మాట మాత్రం ఇవ్వలేను."

"మీరివ్వక్కర్లేదు, వాడిస్తాడు," అంది తెతువా, టోపీ నెత్తిన వంకరగా పెట్టుకుంటూ. వైతియాకు గాలిలోకి లేచిపోతున్నట్టు ఉంది, ఈ డాక్టరమ్మ ముక్కు మీద ముద్దు పెట్టాలని ఉంది, పురుగు, ఒట్టి పురుగు, నడవా అంతా పరుగెత్తాలని ఉంది.

"ఆ విందులో ఇంకెవరు తిన్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

ఎవరు తినలేదు? నడవాలో కొంచెం చీకటి పడినట్టయింది. పాటగాళ్ళు, పడవ జట్టు, పాస్టరుగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. తమ పెళ్ళయిన వారానికి చిన్నాన్న తల పగిలిపోతోందని పడుకుంటే, తాగింది చాలక మళ్ళీ తలనొప్పి కూడానా అని అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తెతువా అప్పటికే ఫోన్ తీసింది, అవతల ఎవరో ఎత్తగానే అరుస్తోంది, "నోర్ముయ్, ముందు నేను చెప్పేది విను, తాయొరో తిన్నవాళ్ళందర్నీ లేపు. అందర్నీ. అవునే, నాదే. నా చేత్తో చేసిందే. చెప్పు అందరికీ."

"మరి మీరు?" అంది డాక్టరమ్మ వైతియాతో.

"నేనూ తిన్నాను. గిన్నె అడుగు నాకాను."

"ఏమైనా ఉందా? తలనొప్పి, తిమ్మిరి, చర్మం మీద మంట?"

లేదండీ అనడానికి నోరు తెరుచుకుంది. ఎడమ కాలి వేళ్ళ దగ్గర చీమలు పాకుతున్నట్టు ఉంది. ఇందాకటిదాకా కాళ్ళు మడుచుకుని కూర్చుంది కదా, అందుకే అయి ఉంటుంది. అందుకే. కానీ లేచి నడిచింది, తలుపు బాదింది, నిలబడి ఎంతసేపైంది. పొద్దున చెప్పులు వేసుకున్నప్పుడు కూడా ఉందా? గుర్తు రావడం లేదు. భయం వేసింది, ఈసారి అతని కోసం కాదు, తన కోసం, ఆ తేడా ఆమెకు స్పష్టంగా తెలిసింది.

"ఎడమ పాదం," అంది. "ఏమో, కూర్చున్నందుకేమో. కానీ ఉంది."

డాక్టర్ బెర్ట్రాన్ నేల మీద ఒక మోకాలు ఆనించి, ఆమె చెప్పు విప్పి, కళ్ళు మూసుకోమంది. వేలి కొసతో బొటనవేలిని తాకింది, లేక తాకబోయి ఆగిందో.

"ఇక్కడ తెలుస్తోందా?"

వైతియా కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. చీకట్లో, తన పాదం దాకా నడిచి వెళ్ళి, తెలుస్తోందో లేదో వెతుకుతోంది.